ఎనిమిదింటిలో ఐదు పేలలేదు

శనివారం ఆడవాళ్ళ తుపాకీ క్లాసు పొద్దున తొమ్మిదింటికి. జునెల్ హాస్కిన్స్ తొమ్మిదీ పావుకి వచ్చింది. అప్పటికే పాత కంకర గోతిలో ఓర్లీన్ ప్యాజెట్ ఆరుగురు ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి, చెవులకి మూతలు సరిగ్గా పెట్టుకున్నారా లేదా అని ఒక్కొక్కరినీ చూస్తోంది. ట్రక్కు తలుపు ధడాలున పడిన చప్పుడుకి అందరూ తిరిగి చూశారు.

జునెల్ ఎడమ చెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా కట్టులో ఉంది. ముఖం కడుక్కున్నట్టు లేదు. నేరుగా బల్ల దగ్గరికి నడిచి, కోటు జేబులోంచి చిన్న రివాల్వర్ తీసి, ఓర్లీన్ నేర్పినట్టే సిలిండర్ పక్కకి తెరిచి, మూతి గోతి గోడవైపు ఉండేలా బల్ల మీద పెట్టింది. తర్వాత గుప్పెడు తూటాలు దాని పక్కన పోసింది.

"లెక్కపెట్టు" అంది.

అయిదేళ్ళుగా ఆమె నోట 'మిస్ ఓర్లీన్' అన్న పిలుపు, 'మీరు' అన్న మాట తప్ప ఇంకోటి వినలేదు ఓర్లీన్. ఆ 'లెక్కపెట్టు' అన్నమాటకి ఒక్క క్షణం ఏం చెయ్యాలో తోచలేదు. కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుని బల్ల మీదికి వంగింది. తూటాలు ఎనిమిది. మూడు పేలినవి, ఖాళీ తొడుగులు. మిగతా అయిదింటికీ అంచున సుత్తి దెబ్బ పడిన గుంట ఉంది గాని, మందు అంటుకోలేదు.

"ఏమైంది తల్లీ?"

"కింది ఇంటివాళ్ళ కుక్కలు. మంగళవారం పొద్దున పాలు తీస్తుంటే దొడ్లోకి వచ్చాయి. రెండూ కలిసి ఓ మేకని పడేశాయి. మా మోజ్ అడ్డం వెళ్ళాడు. పన్నెండేళ్ళ ముసలి కుక్క, పళ్ళు కూడా సరిగ్గా లేవు వాడికి. వాణ్ణి నా కళ్ళముందే చీల్చేశాయి." ఎవరికో అప్పగింతలు పెడుతున్నట్టు చెప్పుకుపోయింది. "నేను ఏప్రాన్ జేబులోంచి ఇది తీశాను. టిక్. మళ్ళీ లాగాను, టిక్. మూడోది పేలి మట్టిలోకి పోయింది. మళ్ళీ టిక్. అప్పటికి పెద్ద కుక్క నా చెయ్యి పట్టుకుంది. నొక్కుతూనే ఉన్నాను. ఒకటి రేకు డబ్బాకి తగిలింది. ఆఖరికి ఒకటి దాని తుంటిలో దిగితే వదిలింది. పందొమ్మిది కుట్లు."

అప్పుడు ఓర్లీన్ నోట్లోంచి వచ్చిన మాట, తర్వాత ఎన్నాళ్ళు తల్చుకున్నా ఆమెకే ఒళ్ళు మండేది.

"ఎప్పుడు శుభ్రం చేశావు దాన్ని?"

జునెల్ ఆమె ముఖంలోకి అలాగే చూసింది. "సోమవారం రాత్రి" అంది. "నువ్వు నేర్పినట్టే, గుడ్డతో, బ్రష్‌తో, ప్రతి గూడూ. ఇంకేమైనా అడగాలా? గోళ్ళు కత్తిరించుకున్నానా అని అడుగు. చర్చికి వెళ్ళానా అని అడుగు."

"అది కాదు జునెల్..."

"నీ మాట మీద కొన్నాను ఓర్లీన్. రాయిస్ తుపాకుల కొట్లో గోడకి నీ కాగితం అంటించి ఉంది. నువ్వు రాశావని చదివి, ఇంకోదాని వైపు చూడకుండా కొన్నాను." వెనక్కి తిరిగి ట్రక్కు వైపు నడిచింది. రివాల్వర్ బల్ల మీదే ఉండిపోయింది. "ఉంచుకో. నీకు పనికొస్తుందేమో" అని ట్రక్కెక్కి వెళ్ళిపోయింది.

ఓర్లీన్ ఇరవై ఎనిమిదేళ్ళు ఈ కొండదారుల్లో స్కూలు బస్సు నడిపింది. అద్దంలోంచి ఒక్క చూపు చూస్తే వెనక సీట్లో కొట్టుకునే మగపిల్లలు చేతులు కట్టుకుని కూర్చునేవాళ్ళు. అలాంటి మనిషి చెవుల దాకా ఎర్రబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది. మొదట కోపం వచ్చింది జునెల్ మీదే. అందరి ముందూ అలా మాట్లాడుతుందా అని. తర్వాత బల్ల మీదున్న ఆ అయిదు తూటాల వైపు చూసింది.

"నా దగ్గరా అదే తుపాకీ ఉంది" అంది వరసలోంచి ఒకావిడ.

"నాకూ."

"నాదీ అదే, రాయిస్ దగ్గరే."

ఆ రివాల్వర్ పేరు రెన్. పిచ్చుకంత పిట్ట పేరు పెట్టారు దానికి. రెండేళ్ళ కింద వచ్చింది. అల్యూమినియం ఒళ్ళు, అర కిలో కూడా తూగదు, ఏప్రాన్ జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. ఇరవై రెండు నంబరు చిన్న తూటాలు ఎనిమిది పడతాయి. పేలితే చేతిని గుంజదు. తూటాలు చవక, ఎంతసేపైనా సాధన చేసుకోవచ్చు. కీళ్ళ నొప్పులవాళ్ళు, సన్నటి చేతులవాళ్ళు, పెద్ద తుపాకీ పేలిస్తే కళ్ళు మూసుకునేవాళ్ళు, ఇలాంటి ఆడవాళ్ళకోసమే చేసినట్టుంటుంది. ఓర్లీన్ ఊరి షూటింగ్ క్లబ్బు పత్రికలో పదకొండేళ్ళుగా తుపాకుల మీద రాస్తోంది. నెలకో తుపాకీని పరీక్షించి మంచి చెడ్డలు చెబుతుంది. రెన్ గురించి కూడా అలాగే రాసింది. బాగుందనే రాసింది.

"క్లాసు ఇవాళ్టికి అయిపోయింది" అంది. "రెన్ ఉన్నవాళ్ళు నాకు ఇచ్చి వెళ్ళండి. రేపు సాయంత్రం తిరిగిస్తాను. అప్పటిదాకా వేరే ఏదీ లేకపోతే తలుపు గడియ పెట్టుకుని పడుకోండి."

"నాదీ తీసుకో" అంది డెల్ఫీన్ క్రౌచ్. వరసలో అందరికంటే పెద్దది ఆవిడే, డెబ్భై ఎనిమిది. "నాది రాయిస్ దగ్గర కొన్నది కాదులే. స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి మా చెల్లెలు పంపింది. ట్రిగ్గర్ నొక్కాలంటే ముందు రెండు గుడ్లు తినాలి. అంత గట్టి."

ఓర్లీన్ ఆమె వైపు తిరిగింది. "ఏమన్నావు?"

"గట్టి అన్నాను. వీళ్ళవి నొక్కి చూశాను, వెన్నలా ఉన్నాయి. నా చెల్లెలు పిసినారి, నాకు నాసిరకం పంపిందనుకున్నాను."

* * *

ఆదివారం చర్చి అయ్యాక ఓర్లీన్, డెల్ఫీన్ ఇద్దరే గోతిలోకి దిగారు. డెల్ఫీన్ మడత కుర్చీ వేసుకుని, ఒళ్ళో నోటు పుస్తకం పెట్టుకుంది. ఫ్లాస్కులో కాఫీ, మైనపు కాగితంలో హామ్ శాండ్‌విచ్‌లు తెచ్చింది. ఓర్లీన్ మూడు రకాల తూటాల పెట్టెలు బల్ల మీద పేర్చింది. మొత్తం అయిదు రివాల్వర్లు. ఒక్కోదానికి ఒక్కో రకం యాభై. అంటే ఒక్కోటి నూట యాభై సార్లు పేల్చాలి.

ముందు కొక్కెం ఉన్న స్ప్రింగు త్రాసు తీసి ట్రిగ్గర్లు ఎంత బరువుకి కదులుతాయో చూసింది. డెల్ఫీన్‌ది పన్నెండు పౌన్ల దగ్గర కదిలింది. జునెల్‌ది ఏడుకే కదిలింది. మిగతా మూడూ ఏడూ, ఏడున్నర.

"ఒకే ఫ్యాక్టరీ, ఒకే తుపాకీ" అంది డెల్ఫీన్. "నాది ఒక్కటీ పెళ్ళికాని పిల్లలా బిగుసుకుని కూర్చుందేం?"

ఓర్లీన్‌కి అప్పటికే అర్థమైంది. ఈ చిన్న తూటాలో మందు అంచున ఉంటుంది. ఆ అంచుని సుత్తి గట్టిగా కొడితేనే అంటుకుంటుంది. సుత్తి గట్టిగా కొట్టాలంటే స్ప్రింగ్ గట్టిగా ఉండాలి. స్ప్రింగ్ గట్టిదైతే ట్రిగ్గర్ గట్టిగానే ఉంటుంది. అక్కడ తప్పించుకునే దారి లేదు. ఎవరో ఆ స్ప్రింగులు తీసేసి సన్నవి వేశారు.

అయినా అనుమానం తీరే దాకా పేల్చింది. ఎనిమిది నింపడం, పేల్చడం, పేలనివి పక్కన పెట్టడం, "రాసుకో" అనడం. మొదటి వందకి బొటనవేలు కీలు నొప్పెట్టింది, మూడో వందకి వాచింది. డెల్ఫీన్ మంచు పెట్టెలోంచి మంచు ముక్కలు తీసి తువ్వాల్లో చుట్టి ఇచ్చింది. అయిదు నిమిషాలు పట్టుకుని, మళ్ళీ నింపడం మొదలుపెట్టింది.

"రేపు చేయొచ్చుగా."

"రేపు వేరే పని ఉంది."

చీకటి పడేముందు డెల్ఫీన్ నోటు పుస్తకం చదివింది. డెల్ఫీన్ రివాల్వర్ నూట యాభైలో ఒక్కటే పేలలేదు. మిగతావాటిలో పందొమ్మిది, ఇరవై మూడు, ముప్పై ఒకటి పేలలేదు. జునెల్‌ది ముప్పై ఎనిమిది.

"మరి ఇంతకాలం క్లాసులో ఎవరికీ కనబడలేదా ఇది?" అడిగింది డెల్ఫీన్.

కనబడింది. అప్పుడప్పుడూ ఎవరిదో టిక్కుమంటే, "చవక తూటాలు అంతే, మళ్ళీ నొక్కు, పక్కది వస్తుంది" అని ఓర్లీనే చెప్పింది. పేలకపోయినా గాభరా పడకుండా మళ్ళీ నొక్కడం కూడా మంచి సాధనే అని నవ్వుతూ చెప్పింది. ఆ మాట డెల్ఫీన్‌కి చెప్పలేదు. బల్ల సర్దింది.

* * *

రాయిస్ బ్లెడ్సో కొట్లో ముందు వైపు చేపల ఎరలు, గాలాలు, వెనక వైపు తుపాకులు. రాయిస్‌కి నలభై ఏడు. మూడో తరగతి నుంచి ఓర్లీన్ బస్సులోనే స్కూలుకి వెళ్ళాడు. సోమవారం పొద్దున తలుపు తెరిచీ తెరవకముందే ఆమె లోపలికి వచ్చి, జునెల్ రివాల్వర్ గాజు బల్ల మీద పెట్టింది.

"దీంట్లో స్ప్రింగ్ ఎవరు మార్చారు?"

రాయిస్ రివాల్వర్ వైపు చూడలేదు, ఆమె వైపు చూశాడు. "గుడ్ మార్నింగ్, మిస్ ఓర్లీన్. కాఫీ తాగుతారా?"

"స్ప్రింగ్ ఎవరు మార్చార్రా?"

"నేనే మార్చాను. అన్నిటికీ మారుస్తాను. కొట్లోకొచ్చి ఆడవాళ్ళు ట్రిగ్గర్ నొక్కి చూస్తారు. 'అయ్యో, ఇది నా వల్ల కాదు' అని బల్ల మీద పెట్టేసి వెళ్ళిపోతారు. మెత్తబరిస్తే కొనుక్కుంటారు. అందులో తప్పేముంది? వాళ్ళకే సుఖం."

"కొనేవాళ్ళకి చెప్పావా?"

"ట్రిగ్గర్ సాపు చేసి ఇస్తాం అని బోర్డు ఉంది."

"ఎన్ని?"

"ఏమో. ముప్పై ఒకటనుకుంటా."

"నిన్న నూట యాభై పేలిస్తే ముప్పై ఎనిమిది పేలలేదు ఇది. జునెల్ హాస్కిన్స్ చెయ్యి కుక్క నోట్లో ఉంటే ఇది టిక్ టిక్ అంటూ కూర్చుంది. నీకు తెలుసా ఆ సంగతి? ఊరంతటికీ తెలుసు. నీకు తెలియదా?"

"విన్నాను." రాయిస్ మెడ గోక్కున్నాడు. "పాపం అనుకున్నాను. చవక తూటాలు వేసి ఉంటుంది అనుకున్నాను. అందరూ అదే అంటారు కదా."

"అందరూ అంటే ఎవరు?"

"మీరే అన్నారు. మా ఆవిడ మీ క్లాసుకి వచ్చింది కదా."

ఓర్లీన్ బల్ల మీద రెండు చేతులూ ఆనించింది. బస్సులో పిల్లలమీద కూడా ఎన్నడూ రాని కోపం అది. "నువ్వు ఒక్కటైనా పరీక్షించావా? స్ప్రింగ్ మార్చాక, అమ్మే ముందు, ఒక్క పెట్టె తూటాలు పేల్చి చూశావా?"

రాయిస్ ముఖం మారింది. ఇంతసేపూ ఉన్న మెత్తదనం పోయింది. బల్ల వెనక నుంచి బయటికి వచ్చి, గోడ దగ్గరికి వెళ్ళి, ప్లాస్టిక్ తొడిగి అంటించిన కాగితం పీకి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పత్రికలో ఆమె రాసిన పేజీ. పైన ఆమె ఫొటో. కింద ఒక వాక్యం చుట్టూ పసుపు రంగు గీత.

"చదవండి మిస్ ఓర్లీన్. పైకి చదవండి."

ఆమె పైకి చదవలేదు. కళ్ళతో చదివింది. 'ట్రిగ్గర్ కాస్త గట్టి. చేతిలో పట్టు తక్కువ ఉన్నవాళ్ళు దగ్గర్లో పనివాడి చేత స్ప్రింగ్ మెత్తబరిపించుకుంటే, ఇక దీనికి వంక పెట్టడానికి లేదు.'

"నేను చేసింది అదే" అన్నాడు రాయిస్. "మీరు రాసిందే చేశాను. మెత్తబరిచాక మీరు పేల్చి చూశారా? నన్ను అడుగుతున్నారు కదా. మీరు చూశారా?"

చూడలేదు. ఏప్రిల్ నెలలో ఓ చల్లటి మధ్యాహ్నం, రాయిస్ పెట్టెలోంచి తీసి ఇచ్చిన కొత్త రివాల్వర్‌తో అరవై తూటాలు పేల్చింది. అరవైలో అరవై పేలాయి. సాయంత్రం ఇంటికెళ్ళి పీచ్ పళ్ళ కాబ్లర్ పొయ్యిలో పెట్టి, అది ఉడికేలోపు రాసేసింది. ఆ చివరి వాక్యం రాసేటప్పుడు రెండోసారి ఆలోచించను కూడా లేదు. పేజీ నిండడానికి ఇంకో రెండు వరసలు కావలసివచ్చింది, అంతే. మందు అంచున ఉంటుందని, సుత్తి గట్టిగా కొట్టాలని ఆమెకి తెలియదా? ఇరవై ఏళ్ళుగా తెలుసు.

"కొన్నవాళ్ళందరికీ కబురు పెట్టు" అంది చివరికి. "ఫ్యాక్టరీ స్ప్రింగులు తిరిగి వెయ్యి."

"పెట్టను. తప్పు నాదేనని సంతకం పెట్టినట్టవుతుంది. రేపు లాయర్ని తీసుకుని ఎవరొస్తారో నాకు తెలియదు. మీరు రాసుకుంటారో, ప్రకటన వేసుకుంటారో మీ ఇష్టం. నా పేరు మాత్రం ఎత్తకండి."

ఆమె రివాల్వరూ, కాగితమూ రెండూ తీసుకుని బయటికి వచ్చింది. ట్రక్కులో కూర్చుని స్టీరింగ్ మీద అరచేత్తో కొట్టింది. రెండోసారి కొట్టేసరికి వాచిన బొటనవేలు భగ్గుమంది. మూడోసారి ఆ చేత్తోనే కొట్టింది.

* * *

ఆ వారమే కొత్తగా రాసింది. నాలుగుసార్లు చించి రాసింది. క్లబ్బు అధ్యక్షుడు వెండెల్ సైప్స్‌కి తీసుకెళ్ళి ఇస్తే అతను వరండాలో కూర్చుని రెండుసార్లు చదివి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"బాగా రాశావు ఓర్లీన్. నీ తప్పు నువ్వు ఒప్పుకున్నావు, చూశావా, అది పెద్ద మనసు. కాని రాయిస్ పేరు తీసెయ్యి. 'కొన్ని కొట్లలో' అని రాయి."

"కొన్ని కొట్లు కాదు. ఒకటే కొట్టు. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళకి తమ తుపాకీ ఎక్కడ కొన్నారో గుర్తుంది గాని, 'కొన్ని కొట్లు' అంటే తమది కాదనుకుంటారు."

"శరత్కాలం పోటీకి బహుమతులన్నీ అతనే ఇస్తాడు."

"ఇవ్వనీ."

"సరే, స్ప్రింగ్ సంగతి రాయి. 'తయారీలో తేడాలు ఉండవచ్చు' అని రాయి. దేవుడు మెచ్చేంత నిజం చాలు, మరీ షెరీఫ్ మెచ్చేంత ఎందుకు?"

ఓర్లీన్ కాగితం అతని మోకాలి మీంచి లాక్కుంది. "వెండెల్, నువ్వు పదకొండేళ్ళుగా నా రాతలు వేస్తున్నావు. ఇన్నేళ్ళలో ఒక్క తుపాకీ గురించైనా ఇది బాగాలేదు, కొనొద్దు అని నేను రాయగా చూశావా?"

వెండెల్ ఆలోచించాడు. "లేదనుకుంటా."

"ఎందుకు రాయలేదు? ఇన్నేళ్ళూ నా చేతికొచ్చినవన్నీ బంగారాలేనా?"

ఆమె జవాబు కోసం ఆగకుండా మెట్లు దిగింది.

నెలలో రెండో శనివారం క్లబ్బు హాల్లో అందరూ కలిసి తినే ఉదయపు ఫలహారం. మెత్తటి బిస్కెట్ రొట్టెలు, సాసేజ్ గ్రేవీ, పాన్‌కేకులు. ఆ రోజు అరవైమంది దాకా వచ్చారు. రాయిస్ తన భార్యతో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నాడు. జునెల్ రాలేదు. కాఫీ రెండో విడత పోస్తుండగా ఓర్లీన్ లేచి, ఎవరి అనుమతీ అడగకుండా వంటగది గుమ్మం ముందు నిలబడి చదవడం మొదలుపెట్టింది.

మొదట తన వాక్యమే చదివింది. ఎప్పుడు, ఎలా రాసిందీ చెప్పింది. పేజీ నింపడానికి రాశానని చెప్పింది. అప్పుడు ఎవరో చిన్నగా నవ్వారు. ఆమె ఆగి ఆ బల్లవైపు అద్దంలోంచి చూసినట్టు చూసింది. నవ్వు ఆగింది. తర్వాత అంకెలు చదివింది. తర్వాత కొట్టు పేరు, రాయిస్ పేరు. ముప్పై ఒక్క రివాల్వర్లు. తర్వాత జునెల్ చెయ్యి.

"కూర్చో ఓర్లీన్" అన్నాడొకతను వెనకనుంచి. "తింటున్న చోట ఏమిటిది?"

"నువ్వు తిను. చెవులతో తినవు కదా" అంది డెల్ఫీన్.

రాయిస్ లేచాడు. ముఖం కందిపోయి ఉంది. "అందరి ముందూ నన్ను దొంగని చేస్తున్నారు" అన్నాడు. "ఆవిడ చెప్పింది నేను చేశాను. ఆవిడే చెప్పింది."

"అవును, చెప్పాను" అంది ఓర్లీన్. "అదే కదా ఇందాక చదివింది. నేను చూడకుండా చెప్పాను. నువ్వు చూడకుండా చేశావు, చూడకుండా అమ్మావు. నా వంతు నేను మోస్తున్నాను. నీ వంతు కూడా నన్నే మొయ్యమంటావా?"

"మీ ఆవిడ జేబులో ఉన్నదానికి ఏ స్ప్రింగ్ వేశావ్ రాయిస్?" అడిగింది వెనక బల్లనుంచి ఒకామె.

రాయిస్ టోపీ పెట్టుకున్నాడు. అతని భార్య మాత్రం లేవలేదు. చేతిసంచి తెరిచి తన రెన్ తీసి, సిలిండర్ తెరిచి తూటాలు దులిపేసి, ఖాళీ రివాల్వర్ని అతని పళ్ళెం పక్కన పెట్టింది. "నాదీ మెత్తగానే ఉంది" అంది. అతను ఒక్కడే బయటికి వెళ్ళాడు.

ఆ తర్వాత జరిగినవి ఏవీ అందంగా జరగలేదు. రాయిస్ మూడు వారాలు ఎవరికీ ముఖం చూపించలేదు. ఆడవాళ్ళు కొట్టు ముందు ట్రక్కులు నిలుపుకుని కూర్చోవడం మొదలుపెట్టాక, ఫ్యాక్టరీ నుంచి స్ప్రింగులు తెప్పించి, ఒక్క మాటా మాట్లాడకుండా వేసి ఇచ్చాడు. ముప్పై ఒకటిలో ఇరవై ఆరు వచ్చాయి. మిగతా అయిదుగురిలో ఇద్దరు ఊరొదిలి వెళ్ళారు. వాళ్ళకి ఓర్లీన్ ఉత్తరాలు రాసింది, ఒకటి తిరిగొచ్చింది. శరత్కాలం పోటీకి బహుమతులు లేవు. క్లబ్బు పత్రికలో ఓర్లీన్ పేజీకి బదులు ఇప్పుడు చేపల వంటలు వస్తున్నాయి. పచారీ కొట్లో ముగ్గురు మగవాళ్ళు ఆమెకి టోపీ ఎత్తడం మానేశారు. దానికీ ఆమెకి కోపం వచ్చింది గాని, దాచుకోవాలని అనుకోలేదు.

* * *

జునెల్ రివాల్వర్‌కి గట్టి ఫ్యాక్టరీ స్ప్రింగ్ ఓర్లీనే వేసింది. రెండొందలు పేల్చింది. రెండే పేలలేదు. అప్పుడు తీసుకుని కొండమీదికి వెళ్ళింది.

జునెల్ దొడ్డి చెక్క కంచె బాగుచేస్తోంది. కట్టు తీసేశారు. ముంజేతి మీద మచ్చలు ఊదాగా ఉన్నాయి. ఓర్లీన్‌ని చూసి సుత్తి కింద పెట్టలేదు.

"హాల్లో చదివావట" అంది.

"చదివాను."

"మోజ్ పేరు చెప్పావా?"

"చెప్పలేదు."

"చెప్పాల్సింది." మేకు మీద రెండు దెబ్బలు వేసింది. "ఇప్పుడెందుకొచ్చావు? క్షమించానని చెప్పించుకోడానికా?"

"కాదు. దీనికి స్ప్రింగ్ మార్చాను. నువ్వు పేల్చి చూడాలి. నేను చూడాలి."

జునెల్ సుత్తి కింద పెట్టి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, కొట్టం వెనక మట్టిగుట్ట దగ్గరికి నడిచింది. ఓర్లీన్ కాగితపు పళ్ళెం ఒకటి పేడు కర్రకి గుచ్చి ఏడు గజాల దూరంలో పెట్టింది. జునెల్ గుండెల దగ్గర నుంచి చేతులు చాపి నొక్కింది. ట్రిగ్గర్ సగం దాకా వచ్చేసరికి మూతి కిందికి వాలింది. ఎడమ చేతిలో ఇంకా బలం రాలేదు. ఎనిమిదీ పేలాయి. పళ్ళెంలో రెండు చిల్లులు పడ్డాయి. మళ్ళీ నింపింది. ఈసారి ఒకటే.

ఓర్లీన్ పళ్ళెం తీసుకొచ్చి చూసింది. నేర్పే మనిషిగా అలవాటైన మాటలు నోటి చివరిదాకా వచ్చాయి. పట్టు మారిస్తే వస్తుంది, రోజూ పాతిక పేలిస్తే వస్తుంది, మెల్లగా అదే వస్తుంది. వాటిని మింగేసింది.

"ఇది నీకు పనికిరాదు" అంది. "నేర్చుకోవడానికి మంచిదే. చవక, చెయ్యి గుంజదు, వెయ్యి పేల్చొచ్చు. కాని గట్టి స్ప్రింగ్‌తో నువ్వు తిన్నగా కొట్టలేవు, మెత్త స్ప్రింగ్‌తో అది పేలదు. జేబులో పెట్టుకుని ప్రాణం దానికి అప్పగించడానికి నీకు ఇది వద్దు. కొట్టంలో ఒంటిగొట్టం షాట్‌గన్ పెట్టుకో. చిన్నది, నేను చూసి తెస్తాను. తెచ్చాక నూరు పేల్చి నీకు ఇస్తాను."

జునెల్ ముఖం ఎర్రబడింది. "ఈ నాలుగు ముక్కలూ రెండేళ్ళ కింద రాయడానికి నీకేమైంది?"

"ఏమీ కాలేదు. సోమరితనం."

"మా మోజ్ చచ్చిపోయాడు నీ సోమరితనానికి."

"అవును."

అవును అన్న తర్వాత ఓర్లీన్ ఇంకేమీ చేర్చలేదు. జునెల్ దేనికోసమో ఎదురుచూసింది. కన్నీళ్ళో, బతిమాలడమో, ఏదో ఒకటి వస్తే తిట్టడానికి సిద్ధంగా నిలబడింది. అవేవీ రాకపోయేసరికి తిట్టింది. కొట్టం వెనక నిలబడి, ఆ మంగళవారం నుంచి దాచుకున్నదంతా, అయిదేళ్ళ శనివారాలతో సహా తిట్టింది. మిస్ ఓర్లీన్ అంటే దేవతలా నమ్మానని తిట్టింది. శుభ్రం చేశావా అని అడిగినందుకు రెండుసార్లు తిట్టింది. ఓర్లీన్ కాగితపు పళ్ళెం పట్టుకుని నిలబడి వింది. కొన్నిచోట్ల తనకీ కోపం వచ్చింది. రాయిస్ పేరు ఒక్కసారి కూడా రాలేదేమని కూడా వచ్చింది. అణుచుకుంది.

చివరికి జునెల్‌కి ఊపిరి ఆడలేదు. తిరిగి కంచె దగ్గరికి వెళ్ళి సుత్తి తీసింది. ఎడమ చేత్తో పలక పట్టుకోబోతే జారి కిందపడింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది.

ఓర్లీన్ వెళ్ళి పలక రెండో కొస ఎత్తి పట్టుకుంది.

"ఇంకొంచెం పైకి" అంది జునెల్, ఆమె వైపు చూడకుండానే. "పైకి అంటే పైకి. బస్సు నడిపినట్టు కాదు. ఆఁ, అక్కడ. కదలకు."

ఆమె మేకు కొట్టడం మొదలుపెట్టింది. ఇంకా పద్నాలుగు పలకలు ఉన్నాయి.